ఆలస్యంగా తిట్టే యంత్రం

మా నాన్న గొంతు పోయినందుకు మా ఇంట్లో అందరికన్నా ముందు సంతోషించింది మా అమ్మ. ఆ మాట ఆవిడే అంది, ఆస్పత్రి వరండాలో, నలుగురూ వింటుండగా. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి కంటినిండా నిద్రపోతానమ్మా," అంది. అని, ఎదురుగా ఉన్న కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కోవడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే! వెనకాల బిందెలు పట్టుకున్నవాళ్ళు విసుక్కున్నారు కూడా. అందుకని ఆ సంతోషం ఏపాటిదో నాకు తెలుసు.

మాది నరసాపురం దగ్గర గోదారి ఒడ్డు. వేట కుటుంబం. నాన్న కుర్రతనంలో పడవెక్కాడు, తర్వాత రేవులో పాటగాడయ్యాడు. పాటగాడంటే సంగీతం అనుకునేరు, అంత అదృష్టం కాదు. పడవలు ఒడ్డుకి చేరగానే గంపల్లో చేపల్ని వేలం వేస్తారు. ఆ వేలాన్ని మా వైపు పాట అంటారు, ధర చెప్పడాన్ని పాడటం అంటారు. దాన్ని నడిపించేవాడు మా నాన్న. "ఒకటోసారి... రెండోసారి..." అని ఆయన మొదలుపెడితే అవతలి ఒడ్డున గేదెలు తలెత్తి చూసేవి. ఆయన పాటలో ధర సగం, తిట్లు సగం. భీమవరం నుంచి ఐసు లారీలేసుకుని వచ్చే షావుకార్లని కూడా వదిలేవాడు కాదు. "నీ జిమ్మడిపోను, పండుగప్పని పట్టుకుని పిత్తపరిగె రేటు చెప్తావేంట్రా? కళ్ళు భీమవరంలో మర్చిపోయొచ్చావా?" అనేవాడు. తిట్టించుకున్నవాడు పళ్ళికిలించి ధర పెంచేవాడు. ఏ రోజైనా ఎవర్నైనా తిట్టడం మర్చిపోతే, "ఏంటండీ, నా మీదేమైనా కోపమాండీ?" అని టీ కొట్టు దాకా వెంటపడేవాళ్ళు. మా రేవు మర్యాదలు అలాంటివి.

ఆ గొంతుని చుట్ట తినేసింది. ఆపరేషన్ చేసి లోపల ఉన్నదంతా తీసేశారు. మెడలో ఒక కన్నం, దాని మీద ఒక తువ్వాలు మిగిలాయి. ప్రాణం దక్కింది, డాక్టరు గారికి రెండు చేతులా దండం. మెడకి ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. నాన్న దాన్ని ఆనించి "నీళ్ళు" అన్నాడు. తుమ్మెదని మింగినవాడు అడిగినట్టుంది. అంతే, మంచం కిందకి విసిరికొట్టాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. మా ఇంటి పిల్లి ఆ మంచం కిందకి పోవడం మానేసింది.

తర్వాత పలక వచ్చింది. నాన్నది అయిదో తరగతి చదువే గానీ రోజూ పేపరు చదివే అలవాటుంది, కాబట్టి రాయడానికి ఇబ్బంది లేదు. ఇబ్బందంతా చదివేవాళ్ళతో. పలక మీద రాసిన తిట్టు తగలాలంటే ఎదుటివాడు ఆగాలి, జేబులో కళ్ళజోడు వెతుక్కోవాలి, పైకి చదువుకోవాలి. తిట్టు తినడానికి అంత ఓపిక ఎవడికుంటుందండీ? పైగా పలకకి చప్పుడు లేదు. అవతలివాడు మొహం పక్కకి తిప్పుకున్నాడంటే నాన్న చెప్పేది అక్కడితో సమాప్తం. మునుపు అమ్మని "ఏమే" అని పిలిచేవాడు. వీధి చివర గంప దించుకుని చేపలమ్ముతున్నా ఆవిడకి వినపడేది, "ఆఁ, ఏంటయ్యా" అని అక్కడి నుంచే అరిచేది. ఇప్పుడు పిలవాలంటే స్టీలు గ్లాసు నేలకేసి కొట్టేవాడు. అమ్మ వచ్చేది. వచ్చి ఏమీ అనకుండా నిలబడేది. కొన్నాళ్ళకి ఆ గ్లాసు నిండా సొట్టలే.

రేవులో నాన్న చోట మా మావయ్యని నిలబెట్టారు. మావయ్య అంటే అమ్మ తమ్ముడు. బంగారం లాంటి మనిషి, ఆయనకున్న రోగమే అది. చేతిలో మైకు పట్టుకుని, "షావుకారు గారండీ, ఇంకొంచెం పెంచుతారేమోనండీ, కుదరకపోతే పర్లేదండీ," అనేవాడు. కుదరకపోతే పర్లేదనే పాటగాడు దొరికితే షావుకార్లు ఊరుకుంటారా? పండగ చేసుకున్నారు. ఒకటీ రెండూ మూడూ ఒక్క గుక్కలో అనేసి మావయ్య చెమట తుడుచుకునేవాడు. మూడోసారి అనే మాట పడ్డాక పాట మూసినట్టే. ఇక ఎవరూ పెంచడానికి ఉండదు. పడవల వాళ్ళు లబోదిబోమన్నారు.

అంతలో వేట నిషేధం వచ్చింది. ఏటా ఎండాకాలంలో సముద్రం మీద వేట ఆపేస్తారు, పడవలన్నీ ఒడ్డున పడుకుంటాయి. పడవల పెద్దలు ఆ తీరికలో మా ఇంటికొచ్చారు. "నిషేధం అయ్యాక మొదటి పాట నువ్వే పాడించాలి బావా. నీ వల్ల కాకపోతే మరేం అనుకోకు, మీ బామ్మర్దినే ఖాయం చేసేత్తాం," అన్నారు. నాన్న పలక మీద "సరే" అని రాశాడు. వాళ్ళు గుమ్మం దాటాక పలకని గోడకేసి కొట్టాడు. ముక్కలు ఏరుతూ అమ్మ నాకు ఫోను చేసింది.

నేను భీమవరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేస్తాను, కంప్యూటర్ ల్యాబులో. పొద్దున తాళం తీయడం, ఏసీ వేయడం, ఎలుకలు కొరికిన వైర్లు మార్పించడం నా ఉద్యోగం. మా ఇంట్లో లెక్క ప్రకారం మాత్రం కంప్యూటర్ని కనిపెట్టింది నేనే. "రాత్తే చదివి వినిపించే మిషనుంటదంట కదే? మీ నాన్న అడగమంటన్నాడు," అంది అమ్మ. వెనకాల గ్లాసు మోగింది. "అదిగో, చెవి కోత్తన్నాడు. తొందరగా చూడు తల్లీ," అంది.

ముందు నా ఫోనుతోనే అయిపోతుందనుకున్నాను. నాన్న వేళ్ళని మర్చిపోయాను. వల తాళ్ళు లాగి లాగి ఆయన బొటనవేళ్ళు ఒక్కొక్కటి చేమదుంపంత ఉంటాయి. ఫోను మీద ఒక వేలు పెడితే నాలుగు అక్షరాలు ఒకేసారి పడ్డాయి. "ఒరేయ్" అని రాయబోతే ఏ భాషకీ చెందని మాటొకటి వచ్చింది, అది కూడా తిట్టులాగే ఉంది గానీ ఎవరికి తగలాలో తెలియలేదు. అంటే గట్టిగా నొక్కగలిగే, ఎత్తుగా ఉండే నిజం మీటలు కావాలి. ల్యాప్‌టాప్ అయితే మీటలుంటాయి నిజమే. దాన్ని పెట్టుకోవడానికి రేవులో బల్లేది? ఒంటి చేత్తో మోయలేం, గట్టిగా తుంపర పడితే గోవిందా. ధర వినగానే అమ్మ, "ఆ డబ్బుతో వల కొనుక్కుంటే నాలుగు చేపలన్నా పడతాయి," అంది. ఇక మిగిలింది కీబోర్డు తగిలించుకునే టాబ్. అందులోనూ చవక రకం.

ఒక ఆదివారం నాన్న రైలెక్కి భీమవరం వచ్చాడు. మెళ్ళో తువ్వాలు, చంకలో కొత్త పలక. కొట్లో అమ్మే ఆయన రెండు టాబ్‌లు ముందు పెట్టాడు. ఖరీదైంది అప్పడంలా పల్చగా ఉంది. వేలు పెట్టకముందే పని చేసేస్తోంది. కీబోర్డు మెత్తగా, చప్పుడు లేకుండా ఉంది. కాకపోతే దాన్ని వేరే డబ్బు పెట్టి కొనుక్కోవాలి. చవకది ఇటుకలా ఉంది. కీబోర్డు పెట్టెలోనే వస్తుంది. మడత దగ్గర కిర్రుమంటుంది. ఒళ్ళో పెట్టుకుంటే వెనక్కి వాలిపోతుంది, దేనికైనా ఆనించి నిలబెట్టాలి.

"ఇది బడ్జెట్ పీసండి మేడమ్ గారు," అన్నాడు ఆయన. "అన్నీ చేస్తదండి. కొంచెం నిదానమండి, అంతే."

"ఎండలో కనపడుతుందా?"

"ఎండలో మన మొహం కనపడుద్దండి."

"తడి తగిలితే?"

"తడి అసలు తగలకూడదండి. ఎక్కడ వాడతారండీ?"

"చేపల రేవులో."

ఆయన మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసి, సొరుగులోంచి పెద్ద పాలిథిన్ కవరు ఒకటి తీసి పక్కన పెట్టాడు. దానికి డబ్బులేమీ అడగలేదు.

నాన్న ఈలోగా చవకదాన్ని పరీక్ష చేస్తున్నాడు. తాజాదో కాదో చూడటానికి చేప మొప్ప ఎత్తినట్టు కీబోర్డు ఎత్తి కిందకి చూశాడు. బొటనవేలితో నొక్కాడు. టక్కుమంది. ఇంకో మీట నొక్కాడు. టక్కుమంది. మొహం విప్పారింది. ఖరీదైన దాని మీటలు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, పలక మీద "చచ్చింది" అని రాశాడు.

నేను రెంటినీ తూకం వేస్తున్నాను. నిదానం ఒకవైపు, ధర ఒకవైపు. కవరు తొడిగితే తడి సంగతి తీరుతుంది, గంప బోర్లించి ఆనిస్తే వాలిపోవడం సంగతి తీరుతుంది. గొంతు ఎలా ఉందో వినాలి కదా. రాసింది చదివే యాప్ ఒకటి అందులోకి ఎక్కించి, ఏం రాయను నాన్నా అన్నాను. నాన్న పలక నిండా రాసి నా ముందుకి తోశాడు. అది చూసి, "ఇక్కడ వద్దు నాన్నా," అన్నాను. పలకని బలపంతో టకటకా కొట్టాడు. సరే, నీ ఇష్టం అనుకుని, ఆయన రాసిందే కొట్టి నొక్కాను.

ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాను. ఊహూ. అమ్మే ఆయన, "కొంచెం లోడవుద్దండి," అంటూ ఖరీదైన దాని గుణగణాలు మళ్ళీ మొదలుపెట్టాడు. ధర దగ్గరికి వచ్చాడు. కొంచెం తగ్గించడం కుదరదా అని నేనడిగాను. కుదరదన్నాడు. సరిగ్గా అప్పుడు చవకది నోరు విప్పింది. రేడియోలో వార్తలు చదివే ఆవిడంత స్పష్టంగా, అంత మర్యాదగా, కొట్టంతా వినపడేట్టు, "నీ జిమ్మడిపోను. సరైన ధర చెప్పి చావు," అంది.

అందరూ వెనక్కి తిరిగారు. అమ్మే ఆయన చేతులు కట్టుకుని, "చెప్తానండి బాబాయ్ గారు, చెప్తానండి," అన్నాడు. తగ్గించాడు కూడా. నాన్న నవ్వాడు. ఆపరేషన్ అయ్యాక ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. గొంతు లేని నవ్వు, భుజాలు మాత్రం ఎగిరిపడుతున్నాయి. ఇక నేను తూకం వేయడం మానేశాను. మగ గొంతు లేదా అని ఒక్కటే అడిగాను. "తెలుగుకి దీంట్లో ఆడ గొంతొకటేనండి," అన్నాడు ఆయన. సర్లే, ఏదో ఒక గొంతు.

ఆ ఏదో ఒక గొంతుతోనే ఇంట్లో కొంప మునిగింది. నాన్న గుమ్మంలోకి వస్తూనే గంప బోర్లించి టాబ్ దానికి ఆనించి, నేను మీటల మీద అంటించిన తెలుగు అక్షరాలు వెతుక్కుంటూ చాలాసేపు కష్టపడి ఒక మాట కొట్టాడు. అమ్మ లోపల చేపలు తోముతోంది. టాబ్ ఆలోచించింది, ఆలోచించింది, తీయగా "ఏమే" అంది.

అమ్మ చెయ్యి ఆగింది. బయటికొచ్చి నన్ను చూసింది, నాన్నని చూసింది, టాబ్‌ని చూసింది.

"ఎవత్తిది?" అంది.

"నాన్న గొంతేనమ్మా ఇక నుంచి."

"మీ నాన్న గొంతు నాకు తెలవదా? ఇన్నాళ్ళూ మూగోడితో ఏగాను, ఇప్పుడు సవితిని తెచ్చి గంప మీద కూర్చోబెడతావంటే? అది పిలిత్తే నేను పలకాలా? నా వల్ల కాదమ్మా. గ్లాసు కొట్టమను, వత్తాను."

అన్నమాట నిలబెట్టుకుంది. టాబ్ ఎన్నిసార్లు "ఏమే" అన్నా ఆవిడ చెవిటిదాన్లా తన పని తాను చేసుకునేది. నాన్న చివరికి గ్లాసు తీసేవాడు. ఒక్క దెబ్బకి వచ్చేది. కొన్నాళ్ళకి నాన్న ఆ మాట కొట్టడం మానేశాడు. ఆవిణ్ణి పిలవడానికి మాత్రం గ్లాసు, మిగతా లోకానికి టాబ్. అమ్మని కూర్చోబెట్టి నాలుగు దులిపేద్దామని నాకు చాలాసార్లు అనిపించింది. కానీ ఆవిడకి కావలసిన గొంతు ఏదో నాకు తెలుసు, అది ఏ కొట్టులోనూ దొరకదనీ తెలుసు. అలాంటప్పుడు ఏమని దులుపుతాం?

నిషేధం ఉన్నన్నాళ్ళూ నాన్న అరుగు మీద కూర్చుని సాధన చేశాడు. ఎడమ చేతి వైపు అచ్చులు, కుడి చేతి వైపు హల్లులు. ఒత్తు పెట్టాలంటే ఇంకో మీట నొక్కాలి. ఒత్తులంటే ఒళ్ళుమంట ఆయనకి. ఎదురింటాయన కోడిపుంజు అరుగెక్కితే దాని మీద తిట్టు కొట్టేవాడు. తిట్టు వచ్చేసరికి పుంజు దిగిపోయి, ఎదురింటాయన అరుగెక్కి ఉండేవాడు. ఆయన నొచ్చుకుని వెళ్ళిపోయేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా నేను కొంత సాయం చేశాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనే మాటలకి తెర మీద పెద్ద బొత్తాలు పెట్టాను. ఆయన పలక మీద రాసిచ్చిన తిట్లన్నీ ఒకచోట దాచాను. అవి దాస్తుంటే, మా కాలేజీ వాళ్ళెవరైనా చూస్తే నా ఉద్యోగం ఏమవుతుందోనని భయమేసింది. నిదానం మాత్రం నేనేం చేసినా పోలేదు.

నిషేధం ఎత్తేశాక పడవలు వెళ్ళి, తిరిగొచ్చిన రోజున నేను సెలవు పెట్టాను. రేవంతా జనం. గంపల నిండా చేపలు, లారీల్లో ఐసు. భీమవరం షావుకారు, అదే నాన్న చేత రోజూ తిట్టించుకున్న ఆయన, ఇస్త్రీ చొక్కాతో ముందే వచ్చి నిలబడ్డాడు. అమ్మ ఎప్పట్లాగే చిల్లర బేరాల ఆడవాళ్ళ గుంపులో వెనకాల కూర్చుంది. వాళ్ళు పాటలో చిన్న పోగులు కొనుక్కుని వీధుల్లో అమ్ముకుంటారు. పెద్ద గంపల జోలికి రారు. మావయ్య మైకు పట్టుకుని ఓ పక్కన దిగాలుగా ఉన్నాడు. తన పదవి పోతుందేమోనని కాదు పాపం, పోదేమోనని.

మొదటి గంప పండుగప్పలు. నాన్న గంప బోర్లించి టాబ్ నిలబెట్టాడు. పాలిథిన్ కవరు పైకెత్తి బొత్తం నొక్కాడు.

ఏమీ రాలేదు. నిదానం సంగతి నాకు తెలుసు కాబట్టి నేను ధైర్యంగానే ఉన్నాను. కాసేపయ్యాక దాని లోపలి నుంచి ఏదో సన్నగా గురగుర వచ్చింది. మాట కాదు. నాన్న మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గురగుర. ఇది నిదానం కాదు.

"అమ్మాయి గారికి జలుబు చేసినట్టుందండీ," అన్నాడు భీమవరం షావుకారు. అందరూ ఘొల్లున నవ్వారు. నాన్న మొహం ఎర్రబడింది. తిట్టాల్సిన మాట పెదాల మీద ఆడుతోంది, బయటికి రావడం లేదు.  పాటకి ఒక్కడూ నోరు విప్పలేదు. పడవల పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లగా మావయ్య వైపు తిరిగారు. మావయ్య మైకు వీపు వెనక దాచాడు. అయిపోయింది, ఇక మా నాన్న ఇంట్లో గ్లాసు కొట్టుకుంటూ బతకాలి అనుకున్నాను.

"ఆ గంప నాది!"

అమ్మ. గుంపు వెనకాల నిలబడింది, కొంగు నడుముకి దోపింది. గంపకి ఒక ధర చెప్పింది. ఎంతో చెప్పను గానీ, ఐసు లారీల షావుకార్లు కూడా ఆ ధర చెప్పడానికి ఇంటికి ఫోను చేసుకుంటారు. మా రేవులో ఒక రివాజు ఉంది. పైకి అన్న పాటని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. పాటగాడి పెళ్ళామైనా సరే, పెళ్ళామైతే మరీను. ఆవిడ పక్కనున్న ఆడవాళ్ళు, "ఓసి నీ మతి మండ, ఏమన్నావో తెలుసా?" అని కొంగు పట్టి లాగుతున్నారు.

నాన్న అమ్మ వైపు చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. గబగబా ఏదో కొట్టాడు. ఆ లావు వేళ్ళు అంత వేగంగా కదలగా నేనెప్పుడూ చూడలేదు. నొక్కాడు. తెర మీద గుండ్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది, తిరుగుతూనే ఉంది.

నేను పరుగెత్తాను. టాబ్ తిప్పి చూస్తే ఏముంది! అడుగున మాట వచ్చే కన్నాల నిండా పచ్చగా ముద్ద. పసుపు. దాని మీద మూడు కుంకుమ బొట్లు. తడి పసుపు ఆరి సిమెంటులా బిగుసుకుంది.

"ఎవరు పెట్టారిది?" అన్నాను. అడగక్కర్లేదు. అమ్మ వేళ్ళ చివర్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నా దగ్గరికి వచ్చి, నేల చూపులు చూస్తూ గొణిగింది.

"కొత్త పడవకి పెట్టమా, కొత్త వలకి పెట్టమా? పొద్దున్నే పెట్టాను, అయితే ఏంటంట?"

"సవితికి పసుపు పెట్టావా అమ్మా?"

"నోర్ముయ్యి," అంది. అని, పుస్తెలతాడుకి ఉన్న పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది.

రేవు మధ్యలో గొంతుక్కూర్చుని కన్నాల్లోంచి పసుపు తవ్వాను. మావయ్య వచ్చి, ఎవరూ అడక్కుండానే, మైకు తెచ్చి టాబ్ పక్కన పట్టుకున్నాడు. "బావా, నీకు పుణ్యముంటది, ఈ గోలలోంచి నన్ను తప్పించెయ్," అన్నాడు. నేను బొత్తాలున్న పేజీకి తిప్పి నాన్నకి సైగ చేశాను. నాన్న నొక్కాడు.

"ఒకటోసారి," అంది టాబ్. మైకులో ఆ గొంతు గోదారి దాటి పోయింది.

భీమవరం షావుకారు నవ్వు ఆపేశాడు. నాన్న నొక్కాడు. "రెండోసారి." నాన్న అమ్మ వైపు చూస్తూ మూడో బొత్తం నొక్కాడు. తప్పదు. ఇక ఆ గంప అమ్మకే, మా ఇల్లు గుల్లే.

టాబ్ ఆలోచనలో పడింది.

అది ఆలోచిస్తోంది. రేవంతా దాని నోటి కేసి చూస్తోంది. మూడోసారి అనేవరకూ పాట తెరిచే ఉంటుంది కదా. ఒక క్షణం పోయింది, ఇంకోటి పోయింది. వీధిలో గంపెత్తుకుని తిరిగే ఆవిడ తన కళ్ళ ముందు పండుగప్పల గంప పట్టుకుపోతుంటే భీమవరం షావుకారు ఎన్ని క్షణాలు ఆగగలడు? ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాడు, అటూ ఇటూ చూశాడు, "ఎహె!" అని అమ్మ ధర మీద ధర వేశాడు. ఆయన మీద యానాం నుంచి వచ్చిన షావుకారు వేశాడు. యానాం ఆయన మీద మళ్ళీ ఈయన. టాబ్ తాపీగా "మూడోసారి" అనేసరికి ఆ గంప ధర ఎక్కడికో పోయింది. అమ్మ కింద కూలబడి, కొంగుతో విసురుకుంటూ, "బతికించావు తల్లీ," అంది. ఎవర్నందో నేను అడగలేదు.

తర్వాత అంతా అదే వరస. ప్రతి మూడోసారికీ ముందు టాబ్ ఆగేది, ఆ ఆగినంతసేపూ షావుకార్లు ఓర్చుకోలేక పెంచేసేవారు. తిట్లు కూడా ఆలస్యంగానే వచ్చేవి. భీమవరం షావుకారుకని నొక్కిన తిట్టు యానాం ఆయన పాడుతున్నప్పుడు పడింది. "ఇది నాదండీ, ఆయనకెళ్ళిపోయింది. నాది నాకు విడిగా ఇప్పించాలండీ," అని భీమవరం ఆయన పేచీ పెట్టాడు. నాన్న ఇప్పించాడు. ఆయన తృప్తిగా ధర పెంచాడు.

పాట ముగిశాక పడవల పెద్ద ఒకాయన నన్ను పక్కకి పిలిచాడు. "అమ్మాయ్, మీ నాన్న చోటు మీ నాన్నదే. నీకో దండం, ఆ మిషన్ని మాత్రం ఎక్కడా బాగు చేయించకు," అన్నాడు. ఆయ్ అలాగేనండీ అన్నాను. ఇన్నాళ్ళూ ఏ నిదానాన్ని తిట్టుకున్నానో దాన్ని కాపాడమని ఒట్టు వేయించుకుంటున్నారు!

ఇంటికి ఆటోలో బయల్దేరాం. నాన్న, నేను చెరో పక్కన, మధ్యలో అమ్మ. టాబ్‌ని కవర్లో చుట్టి అమ్మే ఒళ్ళో పెట్టుకుంది, గతుకుల్లో కదలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది. ముగ్గురం అలిసిపోయి ఉన్నాం.  ఏటిగట్టు ఎక్కాక కవర్లోంచి ఉన్నట్టుండి గొంతు వచ్చింది. పొద్దున గుండ్రం తిరుగుతూ ఇరుక్కుపోయిందే, ఆ మాట.

"ఏమే. అంత పాడకే. మునిగిపోతావు."

"ఇప్పుడా చెప్పేది?" అని అమ్మ గయ్యిమంది. "పాడటమూ అయ్యింది, మునిగి తేలటమూ అయ్యింది. అప్పుడేం చేత్తన్నావయ్యా, నోట్లో..."

ఆగిపోయింది. టాబ్‌కి తను జవాబు చెప్పేసిందని అప్పటిక్కానీ ఆవిడకి తట్టలేదు. నాన్న కదలకుండా కూర్చున్నాడు. నేను బయటికి చూడటం మొదలుపెట్టాను. 

కాసేపటికి అమ్మ కవరు విప్పింది. టాబ్ తెరిచి, కీబోర్డు మీద అంటుకున్న పొలుసు గోటితో గీకి, నాన్న ఒళ్ళో పెట్టింది.

"ఆ మొదటి మాట మళ్ళీ ఓసారి అనిపించు," అంది.

నాన్న ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. నొక్కాడు. ఆటో ఆయన కూడా బండి నెమ్మది చేశాడు. టాబ్ ఎప్పట్లాగే ఆలోచించి, ఆలోచించి, "ఏమే" అంది.

"ఆఁ, ఏంటయ్యా," అంది అమ్మ.

పిలిచాక ఏం చెప్పాలో నాన్నకి తోచలేదు. వేళ్ళు మీటల మీద ఊరికే తిరిగాయి. చివరికి మళ్ళీ ఆ మాటే కొట్టి నొక్కాడు. అది ఇంకా పలకనేలేదు, అమ్మ ఆయన వైపు తిరిగి, "వింటన్నాను," అంది.